కృష్ణ వెంట నాలుగు రోజులు

విజయవాడలో కాపురముండువారికి ఒక చిత్రమైన అలవాటు కలదు. ఇంటికి చుట్టము వచ్చినప్పుడే వారు తమ ఊరిని చూతురు. చుట్టము రానంతవరకు ఇంద్రకీలాద్రి వంటింటి కిటికీలో కనిపించు కొండ మాత్రమే. ప్రకాశం బ్యారేజి సీతానగరము వైపు స్కూటరు మీద దాటిపోవు వంతెన మాత్రమే. భార్యాభర్తల సంగతియు చాలవరకు ఇట్టిదే. ఒకరినొకరు ప్రతిదినమును చూచుచునే యుందురు. కాని ఆ చూపు కిటికీలోని కొండను చూచు చూపే. ఈ మాట ఇతరులనుగూర్చి చెప్పుట లేదు. నన్నుగూర్చియే చెప్పుచున్నాను.

మాకు పెండ్లియై 16 సంవత్సరములైనది. ఇద్దరు పిల్లలు. అమ్మాయికి 14 ఏండ్లు, అబ్బాయికి 9. ఇన్నేండ్లలో మేము ప్రయాణములు చేయలేదని కాదు. తిరుపతికి పోయినాము, పెండ్లిండ్లకు పోయినాము, 2016 ఆగస్టులో వచ్చిన కృష్ణా పుష్కరములలో బంధువులందరితో కలిసి మునిగినాము. ప్రతి ప్రయాణములోను పది సంచులు, పదిమంది మనుష్యులు. మన సంప్రదాయమే అట్టిది. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరినప్పుడు పెద్ద పరివారమును వెంటబెట్టుకొనియే బయలుదేరినారు. మనకు యాత్ర యనగా సమూహము. భార్యాభర్తలిద్దరే పోవుట అనునది పెండ్లియైన క్రొత్తలో ఒక ముచ్చట. లేదా బాధ్యతలన్నియు తీరిన పిమ్మట వార్ధక్యములో ఒక పుణ్యకార్యము. ఈ రెంటి నడుమ ముప్పది సంవత్సరములు గడచిపోవును. ఆ ముప్పది సంవత్సరముల మాటేమి?

ఈ ప్రశ్న నాకు పుట్టినది కాదు. మా అమ్మకు పుట్టినది. సంక్రాంతికి పల్లెనుండి వచ్చి మా యింట ఉన్నది. ఒకనాటి రాత్రి భోజనములైన తరువాత, "మీరిద్దరూ ఎక్కడికైనా నాలుగు రోజులు పోయిరండి. పిల్లల్ని నేను చూసుకుంటాను" అన్నది. నా భార్య నవ్వి, "పిల్లల్ని వదిలి మేమెక్కడికి పోతాం అత్తయ్యా?" అన్నది. మా అమ్మ కొంతసేపు మాటాడలేదు. తరువాత మెల్లగా ఇట్లు చెప్పినది: "మీ మామయ్యగారూ నేనూ నలభై రెండేళ్ళు కాపురం చేశాం. ఇద్దరమే కలిసి చూసిన ఊరు ఒక్కటీ లేదు. పిల్లల చదువులు కానీ అనుకున్నాం, పెళ్ళిళ్ళు కానీ అనుకున్నాం. అన్నీ అయినాయి. ఆయన పోయారు."

దానితో ఆ రాత్రి సంభాషణ ముగిసినది. కాని ఆ మాట మమ్ములను విడువలేదు.

నా భార్యకు సందేహములు చాల కలవు. అబ్బాయి ఆమె ప్రక్కన లేనిదే నిద్రపోడు. అమ్మాయికి పరీక్షలు దగ్గరపడుచున్నవి. ఇరుగుపొరుగువారు ఏమనుకొందురో! నాకును ఒక సందేహము కలదు గాని దానిని బయటపెట్టలేదు. నాలుగు దినములు ఇద్దరమే యున్నచో మాటాడుకొనుటకు మాకేమి యుండును? పిల్లల ఫీజులు, పాలవాని లెక్క, గ్యాసు బండ, ఇవిగాక మేము మాటాడుకొన్న మాట చివరిసారి ఎప్పుడో నాకు జ్ఞాపకము రాలేదు.

ఎక్కడికి పోవలెనను ప్రశ్న వచ్చినప్పుడు నేను ఊటీ అన్నాను, అరకు అన్నాను. ఆమె, "అంత దూరం నాకు ధైర్యం చాలదు. పిలిస్తే మూడు గంటల్లో ఇల్లు చేరేటట్టు ఉండాలి. అయినా మన కళ్ళ ఎదుట ఉన్న కొండలు మనం ఎన్ని ఎక్కామని?" అన్నది. ఆ మాటలో న్యాయమున్నది. కృష్ణను పట్టుకొని కొండలనుండి సముద్రమువరకు పోవుదమని నిశ్చయించుకొన్నాము. కొండపల్లి, ఉండవల్లి, మంగళగిరి, అక్కడినుండి దివిసీమ. నాలుగు పగళ్ళు, మూడు రాత్రులు. నియమములు మూడు: మనిషికి ఒక్క సంచి, నడువగలిగినచోట నడక, ఇంటికి ఫోను సాయంకాలము 7 గంటలకు ఒక్కమారు.

మాఘమాసపు చివరి దినములలో ఒక తెల్లవారుజామున బయలుదేరినాము. అబ్బాయి నిద్ర లేవలేదు. ఆమె గుమ్మము దాటి మూడుమారులు వెనుకకు పోయి వచ్చినది.

కొండపల్లి విజయవాడకు ఇరువది కిలోమీటర్ల లోపలనే యున్నది. కోటను 14వ శతాబ్దిలో కొండవీటి రెడ్డిరాజులు కట్టించినారు. తరువాత గజపతులు, 16వ శతాబ్ది తొలిపాదమున శ్రీకృష్ణదేవరాయలు, ఆ పిమ్మట గోలకొండ కుతుబ్‌షాహీలు, 1766లో ఇంగ్లీషువారు దానిని వశపరచుకొన్నారు. వాహనములు పోవుటకు ఘాట్ రోడ్డు కలదు. మేము కాలిదారిని పట్టుకొన్నాము.

ఆ దారిలో జరిగిన సంగతి చెప్పవలెను. నేను సహజముగా వడిగా నడచువాడను. కొంతదూరము పోయి వెనుకకు తిరిగి చూడగా ఆమె కనిపించలేదు. దిగివచ్చి చూచినచో ఒక రాతిమీద కూర్చుండి యున్నది. "అలసట వచ్చినదా?" అని అడిగినాను. "అలసట కాదు. పదహారేళ్ళనుంచీ మీ వీపు చూస్తూ నడుస్తున్నాను. ఇవ్వాళ కూడా అదే అయితే ఇంతదూరం రావడం దేనికి?" అన్నది. ఆమె గొంతులో కోపము లేదు. ఉన్నచో నేను ఏదో సమాధానము చెప్పియుందును. నాకు ఏమియు తోచలేదు. బజారులో, గుడిలో, ఆసుపత్రిలో, పెండ్లివారి యింట, ఎక్కడ చూచినను నేను పది అడుగులు ముందు, ఆమె పిల్లల చేతులు పట్టుకొని వెనుక. ఇది నేను ఎన్నడును గమనించిన సంగతి కాదు.

ఆనాటినుండి ఆమె ముందు, నేను వెనుక. ఈ చిన్న మార్పు వలన ఎన్ని తెలిసినవో చెప్పలేను. ముందు నడచువారికే నిలుచుటకును చూచుటకును అధికారముండును. ఆమె ప్రతి చెట్టువద్దను ఆగినది. పెండ్లికి పూర్వము ఆమె కళాశాలలో వృక్షశాస్త్రము చదివినదని నాకు తెలియును. పెండ్లిపత్రికలో డిగ్రీ కూడ అచ్చువేయించినాము. కాని ఆ చదువు ఆమెలో ఇంకను ప్రాణముతో ఉన్నదని నాకు తెలియదు. ఆకు రాల్చి నిలిచిన ఒక చెట్టును చూపించి, "ఇదే తెల్లపొణికి" అన్నది. కొండపల్లి బొమ్మలు చేయునది ఈ కొయ్యతోనే. తేలికగా నుండి ఉలికి సులభముగా లొంగును. బొమ్మల పనివారు దానిని ఆరబెట్టి, అంగాంగములు వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండితోను రంపపు పొట్టుతోను చేసిన మక్కుతో అతికి, ఆ మీద రంగులు వేయుదురు. ఆ చెట్టు క్రింద ఎండిన కాయలు పడియున్నవి. ఒక్కొక్క కాయకు పొడవైన రెక్కలు రెండు. ఆమె ఒకదానిని తీసి పైకి విసరినది. అది గాలిలో గిరగిర తిరుగుచు, తొందరలేక, నేలకు దిగినది. ఇద్దరమును చిన్నపిల్లలవలె పదిమారులు విసరినాము. నాలుగు కాయలు అబ్బాయికని సంచిలో వేసికొన్నది.

కోట ద్వారములు మూడు దాటి పైకి చేరి, శిథిలమైన తానీషా మహలు నీడలో పులిహోర తిన్నాము. ఒకవైపు అడవి కొండలు, ఒకవైపు ఇబ్రహీంపట్నము తాప విద్యుత్కేంద్రపు గొట్టములు, వాని ఆవల కృష్ణ. నా సందేహము నిజమే యైనది. మొదటి గంటలో మేము పిల్లలనుగూర్చి తప్ప మాటాడలేదు. రెండవ గంటలో మాటలే లేవు. ఆ మౌనము మొదట బరువుగా తోచినది. కొంతసేపటికి అది బరువు కాదని తెలిసినది. మూడవ గంటలో ఆమె తన చిన్ననాటి సంగతి ఒకటి చెప్పినది. 16 సంవత్సరములలో నేను విననిది. దానిని ఇక్కడ చెప్పను. అది ఆమె సొత్తు.

ఆ రాత్రి బస విజయవాడలోనే, బస్సుస్టాండు దగ్గర ఒక లాడ్జిలో. సొంత ఇల్లు నాలుగు కిలోమీటర్ల దూరములో పెట్టుకొని లాడ్జికి అద్దె చెల్లించువారు మేము తప్ప ఎవరును ఉండరని నవ్వుకొన్నాము. 7 గంటలకు ఫోను చేసినాము. అమ్మాయి, "తమ్ముడు నానమ్మ దగ్గర పడుకున్నాడమ్మా, కథ వింటున్నాడు" అన్నది. నా భార్య సంతోషించినదో, చిన్నబుచ్చుకొన్నదో చెప్పుట కష్టము. రెండును అయియుండవచ్చును.

మరునాడు సూర్యోదయమునకు బ్యారేజిమీద నడచినాము. పొడవు సుమారు 1,223 మీటర్లు. స్కూటరు మీద మూడు నిమిషముల పని. నడకలో అది వేరు లోకము. ఎగువన నిండిన జలాశయము, దిగువన మాఘమాసపు ఇసుక మేటలు. 1832, 33 సంవత్సరములలో నందన కరువు ఈ ప్రాంతములను మాడ్చివేసినది. కాటన్‌దొర ప్రోత్సాహముతో, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో 1855నాటికి ఇక్కడ ఆనకట్ట లేచినది. అది 1952లో తెగిపోగా, ఇప్పటి బ్యారేజిని కట్టి 1957లో పూర్తిచేసి, ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టినారు. 2024 సెప్టెంబరు వరదలో 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దీనిగుండా పోయినది. ఆ వరదలను, బుడమేరు ముంపును మన ఊరివారు మరచిపోలేదు.

బ్యారేజిమీద ఉదయపు నడకకు వచ్చిన ఒక వృద్ధుడు మాతో మాట కలిపినాడు. కాలువల మీద లస్కరుగా పనిచేసి విశ్రాంతి తీసికొన్నవాడు. డెల్టాలో 12 లక్షల ఎకరములకు పైగా ఈ నీటి మీదనే బ్రతుకుచున్నది గదా, ఇంత నీరు నదిలోనే ఎందుకు నిలిపియుంచవలెనని నేను అమాయకముగా అడిగినాను. అతడు నవ్వి, "బాబూ, ఇక్కడ నీళ్ళు పన్నెండు అడుగులు నిలబడాలి. ఆ మట్టం నిలిస్తేనే కాలువ తూముల్లోకి నీళ్ళు ఎక్కుతాయి. నదిలో మట్టం పడిపోతే కాలువలకు ఇద్దామన్నా ఎక్కవు. నది తనకోసం దాచుకున్న నీళ్ళు కావవి, కాలువల కోసమే" అన్నాడు. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ తూర్పునకు. ఆవలి ఒడ్డున పశ్చిమ డెల్టా కాలువలు. అన్నియు ఆ మట్టము మీద ఆధారపడినవే. నా భార్య మాటాడలేదు. చాలదూరము నడచిన తరువాత, "అత్తయ్య చెప్పింది కూడా ఇదేనేమో" అన్నది.

ఉండవల్లి గుహలు దక్షిణపు ఒడ్డున ఉన్నవి. కొండను నాలుగు అంతస్తులుగా తొలిచినారు. ఇవి క్రీ.శ. 4, 5 శతాబ్దులనాటివనియు, విష్ణుకుండినుల కాలమునకు చెందినవనియు పండితులు చెప్పుదురు. పై అంతస్తులలో ఒకదానియందు ఐదు మీటర్లకు పైగా పొడవుగల అనంతశయనమూర్తి. ఎదుట పచ్చని చేలు. లోపల చల్లదనము. ఎవరు ఎన్ని సంవత్సరములు ఉలి పట్టినారో గాని, తొందరపడినవారు చేసిన పని కాదది.

అక్కడినుండి మంగళగిరి. కొండమీది పానకాలస్వామి గుడిని మధ్యాహ్నము దాటిన కొంతసేపటికే మూసివేయుట అక్కడి ఆచారము. రాత్రులు దేవతలు వచ్చి అర్చింతురని భక్తుల నమ్మకము. అందువలన ఎండ ముదరకముందే మెట్లు ఎక్కినాము. మాకు ముందు ఒక ముదుసలి జంట మెట్లపూజ చేయుచు పోవుచున్నారు. ఆమె మెట్టుకు పసుపు రాయును, అతడు కుంకుమ బొట్టు పెట్టును. వంగలేనప్పుడు ఒకరి చేయి ఒకరు పట్టుకొందురు. దాటిపోవుటకు చోటున్నను మాకు దాటిపోవలెనని తోచలేదు. స్వామికి పానకము పోసినప్పుడు సగము గ్రహించి సగము భక్తునికి విడుచునని ప్రతీతి. దిగివచ్చి వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు 19వ శతాబ్ది ఆరంభమున కట్టించిన పదునొకండు అంతస్తుల గాలిగోపురము నీడలో నిలుచుండి, మెడలు నొప్పిపుట్టువరకు పైకి చూచినాము. ఆమె మా అమ్మకు ఒక మంగళగిరి నేతచీర కొన్నది. తనకు కొనుక్కొనలేదు. నేను కొన్నాను. రంగు బాగుగలేదన్నది, అయినను తిరిగి ఈయలేదు.

మూడవనాడు తెనాలి, రేపల్లె మీదుగా పెనుమూడి చేరి, పులిగడ్డ వంతెనపై కృష్ణను దాటి దివిసీమలో అడుగుపెట్టినాము. కొండలు వెనుకబడినవి. కంటికి ఆనినంతమేర నేల బల్లపరుపు. మినుము, పెసర చేలు, తాటిచెట్లు, కాలువలు. అవనిగడ్డలో ఆటో మాటాడుకొని కోడూరు మీదుగా హంసలదీవికి బయలుదేరినాము.

దివిసీమ పేరు వినగానే మన ప్రాంతమువారికి 1977 నవంబరు 19 జ్ఞాపకము వచ్చును. ఆనాటి తుపానులోను ఉప్పెనలోను పదివేలకు పైగా ప్రాణములు పోయినవి. మా ఆటో నడిపిన యువకుడు పుట్టుటకు ఎన్నో ఏండ్ల పూర్వపు మాట. అయినను అతడు దానిని తన కండ్లతో చూచినట్లే చెప్పినాడు. అతని నానమ్మ తాటిచెట్టును కౌగిలించుకొని బ్రతికినది. తాత బ్రతుకలేదు. "మా నానమ్మ చనిపోయేదాకా ఆ చెట్టుకి ఏటా పసుపు పూసేదండి" అన్నాడు. అతడు దారి చూచుచు మామూలుగా చెప్పిన మాట అది. నా జేబులోని ఫోను నేనే తీసినాను. అప్పటికి మధ్యాహ్నము 2 గంటలు. నియమము పెట్టినవాడను నేనే, తప్పినవాడను నేనే. అమ్మాయి పలికినది. "బాగానే ఉన్నాం నాన్నా. ఏమీ లేదు. మీరు సముద్రం చూశారా?" అని త్వరత్వరగా మాటాడి పెట్టివేసినది. ఆ తొందర నాకు కొంచెము వింతగా తోచినది.

హంసలదీవిలో వేణుగోపాలస్వామిని సేవించి, పాలకాయతిప్ప దాటి ఇసుకలో నడచినాము. చెప్పులు చేతబట్టుకొన్నాము. ఒకవైపు మడ అడవుల పచ్చదనము, ఒకవైపు కెరటములు. మహారాష్ట్రలో మహాబలేశ్వరమువద్ద పుట్టిన కృష్ణ సుమారు 1,400 కిలోమీటర్లు నడచి సముద్రమును చేరు తావు అది. మాఘములో నదికి ప్రవాహము తక్కువ. బ్యారేజివద్ద నిండుగా చూచిన నీరు కాలువలలో పడి, చేలలో ఇంకి, ధాన్యమై, ఇక్కడికి కొలదిగనే వచ్చినది. నా భార్య చాలసేపు చూచి, "అంతా పంచిపెట్టి వచ్చింది. అయినా సముద్రమే ఎదురు వచ్చి తీసుకుంటోంది చూడండి" అన్నది. నిజమే. పోటు సమయము; కెరటములు నదిలోనికి ఎక్కుచున్నవి. ఎవరు ఎవరిలో కలియుచున్నారో చెప్పుటకు వీలులేదు. ఆ సాయంకాలము ఇసుకలో మా అడుగుల జాడలు ప్రక్కప్రక్కనే పడినవి. అది మేము ప్రయత్నించి చేసినది కాదు.

నాలుగవనాడు తిరుగు ప్రయాణము. కృష్ణ ఒడ్డున శ్రీకాకుళములో ఆంధ్ర మహావిష్ణువును దర్శించినాము. కళింగ దండయాత్రకు పోవుచు రాయలు ఇక్కడ ఏకాదశి వ్రతము చేసినప్పుడు స్వామి కలలో కనిపించి ఆముక్తమాల్యదను రచింపుమని ఆజ్ఞాపించినట్లు ఆ ప్రబంధములోనే చెప్పబడినది. ఆ కావ్యము గోదాదేవి పరిణయగాథ. మొదటినాడు మేము ఎక్కిన కొండపల్లి దుర్గమును జయించిన రాజునకు, ఆ యుద్ధముల నడుమ, ఒక పెండ్లికథ వ్రాయవలెనని తోచుట ఎంత ముచ్చటైన సంగతి!

దారిలోనే కూచిపూడి. సిద్ధేంద్రయోగి భామాకలాపమునకు పుట్టినిల్లు. అలిగిన సత్యభామ, ఆమెను తీర్చుకొనలేని శ్రీకృష్ణుడు, దంపతుల కలహమునకు మనవారు ఒక కళనే అంకితము చేసినారు. వేదాంతం సత్యనారాయణశర్మగారు సత్యభామ వేషము వేసినచో పురుషుడని పోల్చుట కష్టమయ్యెడిదట. బస్సులో నా భార్య నవ్వుచు, "సత్యభామ కూడా ఆయన వీపు చూడలేకే అలిగిందేమో" అన్నది. నేను బదులు చెప్పలేదు. కొన్ని బాకీలకు బదులు చెప్పరాదు, తీర్చవలెను.

దీపములు పెట్టువేళకు ఇల్లు చేరినాము. తలుపు తీసినది అబ్బాయియే. కుడి మోకాలికి కట్టు.

ముందునాటి ఉదయము సైకిలు మీదనుండి పడినాడట. అమ్మాయి గాయమును కడిగి, మందు రాసి, కట్టు కట్టినది. మా అమ్మ వెంటనే వీధి చివరి డాక్టరుగారికి చూపించి, సూది మందు వేయించినది. అంతయు సక్రమముగనే జరిగినది. మాకు మాత్రము చెప్పలేదు. నా భార్య ముఖము చిన్నబోయినది. "నాకెందుకు చెప్పలేదు?" అన్నది. వాడు అక్క వంక చూచి, "చెబితే మీరు వచ్చేస్తారుగా. అక్క వద్దంది" అన్నాడు. అమ్మాయి తల వంచుకొని, "మీరు ఎప్పుడూ వెళ్ళలేదు కదమ్మా" అన్నది.

పిల్లలు తల్లిదండ్రులను కనిపెట్టి చూచుచునే యుందురు. మనము వారికొరకు ఏమి వదలుకొన్నామో కూడ వారికి తెలియును. ఆ బరువు మనము చెప్పకపోయినను వారి మీదనే పడుచుండును. మమ్ములను నాలుగు దినములు పోనిచ్చుటకు ఒక పిల్లవాడు మోకాలి నొప్పి దాచినాడు, ఒక పిల్ల పెద్దరికము వహించినది. వారికి అది ఒక విధమైన గర్వమునే యిచ్చినది. నొప్పి దాచుట మంచిదని నేననను. ఇక మీదట దాచవలదని ఇద్దరికిని చెప్పినాము. కాని మేము లేనిదే ఇల్లు నిలువదను మా భ్రమ ఆ కట్టుతోపాటే విడిపోయినది. నా భార్య కొంచెము ఏడ్చినది. తరువాత సంచిలోనుండి తెల్లపొణికి కాయలు తీసి వానికిచ్చినది. వాడు మంచము మీద నిలుచుండి విసరినాడు. అవి గిరగిర తిరుగుచు దిగుచుండగా అందరమును చూచినాము.

ఆ రాత్రి మా అమ్మ నిద్రపోలేదు. సముద్రము ఎట్లున్నది, నది ఏ రంగున నున్నది, ఇసుక కాళ్ళకు వేడిగా నున్నదా అని నా భార్యను అడిగి అడిగి చెప్పించుకొన్నది. వంటింటిలో వారిద్దరి మాటలు అర్ధరాత్రి దాటువరకు వినిపించుచునే యున్నవి.

శ్రోతలారా, ఇట్టి ప్రయాణమునకు ధనము అంతగా అవసరము లేదు. బస్సు చార్జీలు, సామాన్యమైన బస, ఇంటినుండి కట్టుకొన్న పులిహోర చాలును. కొన్ని జాగ్రత్తలు మాత్రము కావలెను. కార్తికమునుండి మాఘమువరకు మన కొండలు ఎక్కుటకు అనువైన కాలము; వేసవిలో ఆ సాహసము కూడదు. తెల్లవారకముందు బయలుదేరి, ఎండ ఎక్కకముందు పైకి చేరవలెను. మనిషికి రెండు లీటర్ల నీరు, మంచి చెప్పులు, చేతికఱ్ఱ ఉండవలెను. కోతుల కంటబడునట్లు తినుబండారములు పట్టుకొనరాదు. సంగమమువద్ద ఇసుకలో నడువవచ్చును గాని, లోతు తెలియని నీటిలోనికి దిగరాదు. చీకటి పడకముందే ఊరు చేరవలెను. పిల్లలను నమ్మకమైన పెద్దలవద్ద, డాక్టరు నంబరుతో సహా, అప్పగించి పోవలెను. అట్టి పెద్దలు ఇంటలేనివారు పిల్లలు బడికి పోయిన ఒక్క పూటనైన ఉపయోగించుకొనవచ్చును. బ్యారేజిమీద ఒక ఉదయపు నడకకు ఏ ఏర్పాటును అక్కరలేదు.

చివరకు ఒక్క మాట. లస్కరు చెప్పిన పన్నెండు అడుగుల మట్టము నాకు తరచు జ్ఞాపకము వచ్చుచుండును. కాపురములో ఆ మట్టము పిల్లలనుండి తీసివేసినది కాదు. వారికి అందవలసినది అందుటకే నిలిచినది. చదువులు కానీ, పెండ్లిండ్లు కానీ అని మీరును అనుకొనుచున్నచో, మా అమ్మ మాట ఒక్కమారు తలచుకొనుడు. కొండ కిటికీలోనే యున్నది. ఈ ఆదివారము దానిని ఇద్దరును కలిసి ఎక్కుడు. ముందు ఆమెను నడువనిండు.